కెన్నా ఎంచుకున్న ఇంజిన్

ఇలా దగ్గరికి జరుగు. ఇంకా. నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఇంజిన్ల మధ్య కాపురం చేసినదాన్ని కదా, ఎడమ పక్కకి రా. ఈ సంగతి గొంతెత్తి చెప్పేది కాదు. ఇక్కడ మా అరిజోనా ఒడ్డున గట్టిగా ఒక మాటంటే సరస్సు నీళ్ల మీద జారుకుంటూ పోయి అవతల కాలిఫోర్నియా ఒడ్డున వినిపిస్తుంది.

మా మనవరాలు కెన్నాని పూడ్చిపెట్టిన మర్నాడు పొద్దున జరిగింది ఇది.

కెన్నా మా కొడుకు వేడ్ కూతురు. వేడ్ ఇదే సరస్సు మీద పందెంలో పోయాడు. అప్పటికి దానికి నాలుగేళ్లు. అప్పటినుంచి నేనూ మా ముసలాయన హోబ్ పెంచాం. హోబ్ జన్మంతా పడవ ఇంజిన్లు కట్టినవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల బొమ్మలతో ఏం ఆడుతుంది? నట్లతో, బోల్టులతో ఆడింది. ఇరవై ఆరేళ్లకి సొంత పడవ సమకూర్చుకుంది. శనివారం పొద్దున, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు, ఒక్కతే తీసుకెళ్లింది. పరుగులో ఉండగా ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పడవ ముక్కు నీళ్లలోకి దిగి పక్కకి తిరగబడింది. నా పిల్లని విసిరేసింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది, మణికట్టుకి ఎర్రతాడు ఉంది. మెడ విరిగింది.

ఆ ఎర్రతాడు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత ఆపి చెప్పే ఓపిక నాకుండదు. మా వాకిట్లో తలుపు పక్కన మేకు ఉంది. ఒక్కో పడవకి ఒక్కో తాడు ఆ మేకుకి వేలాడుతుంది. తాడు ఒక కొన ఇంజిన్ స్విచ్చికి, రెండో కొన నడిపేవాడి చేతికి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగుతుంది. వేడ్ పోయిన రోజున ఆ మేకు కొట్టింది హోబే. ఈ ఇంట్లో అన్నం మానేసినా మానేస్తారు గాని, తాడు లేకుండా నీళ్ల మీదికి ఎవరూ వెళ్లరు.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున టిల్మన్ అనే సర్వేయర్ వచ్చాడు. పడవని ఒకపూట చూశాడు. "వేగం పిచ్చి. చేజేతులా చేసుకుంది" అన్నాడు. పెట్రోలు బంకు దగ్గర అదే మాట, చర్చి మెట్ల మీద అదే మాట. పిల్ల పోయిన దుఃఖం ఒకటి, పోయిన పిల్లని వెర్రిదనడం ఇంకొకటి. మొదటిది దేవుడిచ్చాడు, మోస్తాను. రెండోది ఎందుకు మోయాలి? అందుకే లూపే ఇబార్రాకి ఫోను చేశాను. ఇరవై ఏళ్లు ఈ సరస్సు మీద గస్తీ తిరిగింది, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. నేను అడిగింది ఒక్కటే.

"నా పిల్ల తప్పు చేసిందా, లేదా? ఆ ఒక్క మాట తేల్చు, అమ్మాయ్."

"తేలుస్తానమ్మా. కానీ తేలేది మీకు నచ్చేదే అవుతుందని మాటివ్వలేను" అంది. ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు.

లూపే వచ్చేసరికి వంటింటి బల్ల నిండా చావింటికి ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు. ప్రతి గిన్నె అడుగునా తిరిగివ్వాల్సినవాళ్ల పేరు అంటించి ఉంది. హోబ్ ఆ గిన్నెల వెనకాల, చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఉన్నాడు. లూపే ఒక మూత తీసి వాసన చూసి మళ్లీ మూసింది.

"ఇదెవరు పంపారో గాని, ఓపలమ్మా, మీ మీద వాళ్లకేదో పాత పగ ఉంది."

శనివారం తర్వాత మొదటిసారి నవ్వాను. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. లూపే నా భుజం మీద చెయ్యేసి, కళ్లు మాత్రం హోబ్ మీదే పెట్టింది.

"హోబ్ గారూ, ఆ పడవకి ఇంజిన్ సైజు ఎవరు ఎంచారు?"

"కెన్నా."

"ఎంత?"

"ఐదొందల డెబ్బై రెండు."

"కట్టింది?"

"నేను."

"ఎక్కడ?"

"షెడ్డులో."

"మీకు ఆ సైజు ఇష్టమేనా?"

"పడవ దానిది."

ఈ మనిషిని ఇంజిన్ గురించి ఒక్క ప్రశ్న అడిగితే కూర చల్లారేదాకా ఆపడు. పెళ్లినాడు మా నాన్నని పక్కకి లాక్కెళ్లి కార్బురేటర్ గురించి చెప్పాడు, పాదిరిగారు నిలబడి ఎదురుచూశారు. అలాంటివాడు మాటకి మాట లెక్కపెట్టి ఇస్తున్నాడు. దుఃఖం అనుకున్నాను. లూపే ఏమనుకుందో దాని మొహంలో కనబడలేదు.

"ఎంచుకున్న రోజు మీరూ ఉన్నారా?" అని నన్నడిగింది.

ఎందుకు లేను? ఈ బల్ల దగ్గరే. చలికాలం, మొక్కజొన్న రొట్టె పొయ్యి మీదుంది. కెన్నా రొట్టె ముక్కల్ని వరసగా పేర్చింది. చిన్నది ఐదొందల రెండు, తర్వాతది ఐదొందల నలభై, తర్వాత డెబ్బై రెండు, చివర పెద్దది ఆరొందల ముప్పై రెండు. అన్నీ ఒకే రకం పెద్ద ఇంజిన్లే, లోపల పట్టే ఘనపు అంగుళాలే తేడా. అన్నిటి నెత్తినా గాలి కూరే బ్లోవర్ ఉంటుంది.

హోబ్ చిన్న ముక్క తీసి దాని ముందు పెట్టాడు. "ఇది చాలు నీకు. సరదాగా తిరగడానికి ఐదొందల రెండు ఎక్కువే."

"తాతా, చిన్న ఇంజిన్‌తో ఆ బరువు లాగించాలంటే గాలి ఎక్కువ కూరాలి. అప్పుడు వేడెక్కుద్ది, పందేల పెట్రోలు తాగుద్ది, ఒకరోజు పిస్టన్ కరుగుద్ది. చిన్న గుర్రాన్ని కొరడా పెట్టి కొట్టడం దేనికి? పెద్ద గుర్రాన్ని పగ్గం పట్టుకుని నడిపిస్తా. డెబ్బై రెండైతే కొంచెం గాలి చాలు, బంకులో దొరికే పెట్రోలు చాలు, పదేళ్లు ఉంటది."

"అయితే ముప్పై రెండే పెట్టుకో, రాణీగారికి" అన్నాడు హోబ్ ఎకసెక్కంగా.

"అది పడవల డాక్ మీద నిలబడి సొంత డప్పు కొట్టుకునేవాళ్లకి. నాకు నిన్నూ నానమ్మనీ ఎక్కించుకుని ఆనకట్ట దాకా వెళ్లి, పొద్దుగూకేలోపు ఇంటికి తీసుకొచ్చే ఇంజిన్ కావాలి."

హోబ్ ఆ చిన్న ముక్క తనే తినేశాడు. చేతులు దులుపుకుని "సరే" అన్నాడు. ఆ "సరే" కి నేను ఎంత సంతోషించానో! పెద్ద ముక్క కెన్నా నాకిచ్చింది.

ఇదంతా లూపేకి చెబుతుండగానే బయట డాక్ దగ్గర పడవ ఆగిన చప్పుడైంది. టిల్మన్. ఇస్త్రీ చొక్కా, నీళ్ల చుక్క పడని బూట్లు. తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు.

"ఓహో, గస్తీ అమ్మగారు! చేపల లైసెన్సులు చూసుకునే రోజులు బాగుండేవి కదా, లూపే?"

"బాగుండేవి టిల్మన్. అప్పుడు కంపు కొట్టేవి చేపలే."

వాడు నవ్వలేదు. జేబులోంచి ఒక అల్యూమినియం చక్రం తీసి గిన్నెల మధ్య టంగుమని పెట్టాడు. బ్లోవర్ మీద బెల్టు తిరిగే పుల్లీ.

"కేసు ఇక్కడితో అయిపోయింది. అంతకుముందున్న పెద్ద పుల్లీ తీసేసి, గురువారం నాడు ఆ పిల్ల తన చేత్తో ఈ చిన్నది బిగించుకుంది. పుల్లీ చిన్నదైతే బ్లోవర్ జోరుగా తిరుగుద్ది, గాలి ఎక్కువ కూరుద్ది. కూరింది, పిస్టన్ కరిగింది, పోయింది. నా రిపోర్టు మధ్యాహ్నానికి వెళ్లిపోద్ది."

హోబ్ ఆ చక్రం వంక చూశాడు. చెయ్యి చాపాడు గాని ముట్టుకోలేదు.

"పుల్లీ మార్చిందా?"

"మార్చింది."

"నాతో చెప్పలేదే."

"పిల్లలు చెప్పి చేస్తారా, పెద్దాయనా?"

"చెప్పింది" అన్నాను నేను. "నాతో చెప్పింది. పడవ మందకొడిగా ఉంది నానమ్మా, నలుగురెక్కితే పరుగు అందుకోవట్లేదు, డెబ్బై రెండు ఇలా ఉండకూడదు అంది. తాతని కంగారు పెట్టకు, ముందు నేనొక్కదాన్నే తిప్పి చూసి, బాగుంటేనే మిమ్మల్ని ఎక్కిస్తాను అంది."

హోబ్ లేచాడు. కుర్చీ వెనక్కి పడినా చూసుకోలేదు. నా దగ్గరికొచ్చి వంగి నా నడినెత్తిన ముద్దు పెట్టాడు. ఆ పని వేడ్ పోయాక మళ్లీ చెయ్యలేదు.

"కాస్త గాలి పీల్చుకొస్తాను, ఓపల్."

వెళ్లాడు. వెళ్లనిచ్చాను.

లూపే పుల్లీని అటూ ఇటూ తిప్పి, అంచు మీదున్న అంకె చదివింది. "నాకు షెడ్డు చూపించండమ్మా. టిల్మన్, నువ్వూ రా. ఇస్త్రీ నలిగితే నేను చేయిస్తా."

ఇంటి వెనకాల షెడ్డులో, కెన్నా పడవ బండి మీదుంది. ముక్కు చీలి ఉంది. నేను దాన్ని చూడకుండా ఇంజిన్ వంకే చూశాను. ఒక పక్క మూత టిల్మన్ ముందే ఊడదీశాడు, విరిగిన పిస్టన్ ముక్కలు సంచీలో వేసి పెట్టాడు. లూపే స్పార్క్ ప్లగ్గుల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది.

"మిరియాల పొడి చల్లినట్టు పిస్టన్ అల్యూమినియం. లోపల పెట్రోలు తిన్నగా మండలేదు, పేలింది. గాలి మితిమీరింది, నిజమే."

"చెప్పాను కదా!"

"ట్యాంకులో పెట్రోలు?"

"పరీక్ష చేయించా. మంచిదే" అన్నాడు టిల్మన్.

"ఇదిగో, గోడ మీద పుల్లీల పట్టిక. ఐదొందల డెబ్బై రెండుకి ఈ పుల్లీ పెడితే ఎంత ఒత్తిడి?"

టిల్మన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎనిమిది పౌన్లు."

"బంకు పెట్రోలుతో ఎనిమిది పౌన్లు తట్టుకోదా?"

"తట్టుకోవాలి..."

"పట్టిక చూసి, లెక్క కట్టి, మధ్యస్తంగా ఉన్న పుల్లీ కొనుక్కుంది. జాకెట్ వేసుకుంది, తాడు కట్టుకుంది, ఎవర్నీ ఎక్కించుకోకుండా వెళ్లింది. ఇది వేగం పిచ్చి ఉన్న మనిషి చేసే పనేనా? పెట్రోలు సరైనదే, పుల్లీ సరైనదే. మరి పిస్టన్ ఎందుకు కరిగింది, సర్వేయరు గారూ?"

"ఒత్తిడి గేజీ చూసుకోవాల్సింది!"

"ఆ వేగంలో కళ్లు నీళ్ల మీద ఉంటాయి. నువ్వెప్పుడూ ఒడ్డునే ఉంటావు కాబట్టి తెలీదులే."

టిల్మన్ మొహం ఎర్రబడింది. "నీ ఉద్దేశం ఏంటి?"

"ఇంక చూడాల్సింది ఒక్కటే మిగిలింది. ఇంజిన్." లూపే దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "బయటినుంచి ఐదొందల రెండైనా డెబ్బై రెండైనా కవల పిల్లల్లా ఉంటాయి. లోపల పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం మాత్రం అబద్ధమాడదు. చిన్నదానికి సరిగ్గా నాలుగంగుళాలు. పెద్దదానికి ఇంకో మూడు గీతలు ఎక్కువ, అంటే చిటికెన వేలి గోరంత. ఓపలమ్మా, సన్నగా, వంగకుండా ఉండేదేదైనా ఇస్తారా? నా టేపు ముడుచుకుపోతోంది."

నా ఏప్రన్ జేబులో అల్లిక ఉంది. చలికాలం పడవలో పెట్టుకుంటుందని కెన్నాకి మొదలెట్టిన పసుపు టోపీ. సగమైంది. ఇనప సూదిని బయటికి లాగాను. కుట్లన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. ఫరవాలేదు అనుకున్నాను. ఆ తలకి ఇంక చలి వెయ్యదు.

టిల్మన్ పొడుగు కడ్డీతో ఇంజిన్ తిప్పాడు. ఇష్టం లేకపోయినా తిప్పాడు, ఆ మాట చెప్పాలి. మంచి పిస్టన్ ఒకటి అడుగుదాకా దిగింది. లూపే సూదిని నిలువుగా దించి, టిల్మన్ చెవి మీదున్న పెన్సిలు అడక్కుండానే లాక్కుని గీత పెట్టింది. పిస్టన్ పైకొచ్చాక రెండో గీత. సూదిని కొలబద్ద మీద ఆనించింది.

నాలుగంగుళాలు. చిటికెన గోరంత కూడా ఎక్కువ లేదు.

టిల్మన్ కొలబద్ద మీదికి వంగి చూశాడు. గొంతులో ఎగతాళి పోయింది.

"ఇది ఐదొందల రెండు."

"అవును. ఒక చెంబుడు నీళ్లు పెద్ద గిన్నెలో పోస్తే నిలుస్తాయి, చిన్న గిన్నెలో పోస్తే పొంగుతాయి. అదే బ్లోవర్, అదే పుల్లీ, ఇంజిన్ చిన్నది. ఎనిమిది పౌన్లు అనుకున్న చోట పన్నెండు దాకా కూరుకుంది. ఇంతకుముందు పెట్టిన పెద్ద పుల్లీ గాలి తగ్గించి ఆ తేడాని కప్పిపెట్టింది. అందుకే గేజీ సరిగ్గా చూపించింది, పడవ మాత్రం మందకొడిగా నడిచింది." లూపే నా వైపు తిరిగింది. "అమ్మా, మీరడిగినదానికి జవాబు ఇదిగో. మీ పిల్ల లెక్కలో తప్పు లేదు. దానికి చెప్పిన ఇంజిన్ ఒకటి, ఇచ్చిన ఇంజిన్ ఒకటి."

నేను ఆ మాట కోసమే కదా పిలిచింది! గుండె మీద రాయి లేచినట్టైంది. ఒక్క క్షణం. అంతే.

"అమ్మినవాడెవడో మోసం చేశాడన్నమాట" అన్నాడు టిల్మన్.

ఆ ఇంజిన్ కట్టిన చెయ్యి ఎవరిదో లూపేకి తెలుసు. నాకూ తెలుసు. అది వెనకమూలకి నడిచింది. "ఓపలమ్మా, ఇది మీదేనా?"

నా బొంత. నీలం, తెలుపు ముక్కలది, వేడ్ చిన్నప్పటి చొక్కాలతో కుట్టింది. చలికాలం నుంచి వెతుకుతున్నాను. ఎవరికో ఇచ్చేసి మర్చిపోయి ఉంటావు అన్నాడు హోబ్. అది మూలన ఏదో బరువైనదాన్ని చుట్టుకుని ఉంది, పసిబిడ్డకి కప్పినట్టు అంచులు లోపలికి మడిచి.

లూపే విప్పింది. కొత్త ఇంజిన్. తుప్పు పట్టకుండా ఒళ్లంతా నూనె పూసి ఉంది. మూతలు ఇంకా బిగించలేదు. దానిలోకి అదే సూది దించింది. ఈసారి నన్నే పట్టుకోమంది. టిల్మన్ తిప్పాడు. పిస్టన్ నా వేళ్లని పైకి నెట్టింది. మొదటి ఇంజిన్ గీత దగ్గర ఆగలేదు. ఇంకొంచెం, ఒక చిటికెన గోరంత, పైకొచ్చి ఆగింది.

కెన్నా ఎంచుకున్న ఇంజిన్.

మొత్తం అర్థమైంది నాకు. చిన్న ఇంజిన్ పెడితే మెల్లగా వెళ్తుంది, మెల్లగా వెళ్తే పిల్ల బతుకుతుంది అనుకున్నాడు హోబ్. కొడుకుని మింగిన నీళ్లకి మనవరాలిని ఇవ్వకూడదనుకున్నాడు. పెద్దదాన్ని పారెయ్యలేదు, అమ్మలేదు. పిల్లకి కాస్త వయసొచ్చాక మార్చిద్దామనుకున్నాడేమో, బొంత కప్పి దాచాడు. జన్మంతా ఇంజిన్లు కట్టినవాడికి, అబద్ధం చెప్పిన ఇంజిన్‌ని నమ్మి ఒక పిల్ల సరైన లెక్క కడుతుందని తట్టలేదు. పుల్లీ మార్చిందా అని అడిగాడే, అప్పటిదాకా తెలియదు మా ముసలాయనకి. నా వంటింట్లో, పొరుగువాళ్ల గిన్నెల మధ్య తెలుసుకున్నాడు.

"లూపే," అన్నాను, "హోబ్ నా నెత్తిన ముద్దు పెట్టాడు."

అప్పుడే వినిపించింది. ముందువైపు డాక్ దగ్గర ఇంజిన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. హోబ్ పాత పడవ. దాని దగ్గు నిద్రలో కూడా గుర్తుపడతాను.

నా మోకాళ్లు ఎలా పరిగెత్తాయో నాకే తెలియదు. వాకిట్లోకి వచ్చేసరికి పడవ అప్పటికే ఇంటి ముందు కాలువ దాటి సరస్సులోకి తిరుగుతోంది. టోపీ లేని తెల్లతల వెనకనుంచి కనిపించింది. చేత్తో కళ్లకి నీడ పెట్టుకుని చూస్తున్న లూపే ఒక్కసారి తలుపు వైపు తిరిగి ఆగిపోయింది.

మేకుకి ఎర్రతాడు వేలాడుతోంది. హోబ్ పడవ తాడు.

తాడు పెట్టకపోతే ఆ ఇంజిన్ స్టార్టవదు. తాడు లేకుండా నడపాలంటే స్విచ్చి వెనక రెండు తీగలు పీకి కలపాలి. మరిచిపోయి చేసే పని కాదది.

టిల్మన్ తన తాళాలు లూపే వైపు విసిరాడు. "నా పడవ తీసుకో, దానికన్నా జోరుగా పోద్ది. నేను గస్తీవాళ్లకి ఫోను చేస్తా." రిపోర్టు కాగితాలు వాడి చంకలోంచి నేల మీద పడ్డాయి. వంగి ఏరుకోలేదు.

లూపే డాక్ మీదికి దూకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మేకు మీది తాడు తీసి దాని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను.

"ఇది హోబ్ మణికట్టుకి తగిలించు. ఓపల్ చెప్పిందను. నన్ను మూడోసారి ఒడ్డున నిలబెట్టొద్దని చెప్పు. కోప్పడాలో క్షమించాలో ఇంటికొచ్చాక చూసుకుంటానను. ముందు ఇంటికి రమ్మను."

పడవ కదిలింది. నీళ్ల మీద రెండు తెల్లటి చారలు, ఒకటి ముందు, ఒకటి వెనక. నా చేతిలో సూది ఇంకా ఉంది, గీతలతో.

అక్కడ నిలబడి నేను ఏం కోరుకున్నానో నిన్ను ఎవరికీ చెప్పమనను. ఒక్కటి మాత్రం అడుగుతాను, బాగా గుర్తుపెట్టుకో. ఈ సరస్సు ఒడ్డున ఎవరైనా నా కెన్నా పేరెత్తి వేగం పిచ్చిది అంటే, నువ్వు కుర్చీలోంచి లేచి చెప్పు. ఆ పిల్ల సరైన సైజు ఎంచుకుంది, సరైన లెక్క కట్టింది, మమ్మల్ని ఒడ్డునే ఉంచి ఒక్కతే వెళ్లింది అని చెప్పు. తాతని తిట్టబోతే, బొంత సంగతి కూడా చెప్పు. రెండూ చెప్పు. ఒకటి చెప్పి ఒకటి వదిలెయ్యకు.